క్రాష్ డంప్‌కు ఎంత మెమరీ పక్కన పెట్టాలి: 384 జీబీ సర్వర్‌లో 128 ఎంబీ ఎందుకు చాలలేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 384 జీబీ మెమరీ ఉన్న 64-బిట్ ఎక్స్86 లినక్స్ సర్వర్. రెండు 25 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డులు, శాన్ (స్టోరేజీ కోసమే వేసిన నెట్‌వర్క్) మీద మల్టీపాత్‌తో, అంటే ఒకే డిస్క్‌కు అనేక మార్గాలతో, స్టోరేజీ. ఎప్పటిదో ఒక గైడ్ చూసి బూట్ లైన్‌లో క్రాష్‌కెర్నెల్=128ఎం అని పెట్టారు. కెర్నెల్ కూలితే దాని మెమరీని ఫైలుగా (క్రాష్ డంప్) భద్రపరిచే కెడంప్ సర్వీసు యాక్టివ్ అనే చూపిస్తోంది. అయినా కెర్నెల్ కూలినప్పుడు యంత్రం రీబూట్ అయి వచ్చింది గానీ డంప్ పడాల్సిన /వార్/క్రాష్ ఖాళీగా ఉంది. మొత్తం మెమరీలో ఒక శాతం ఇవ్వమని ఒకరు, కళ్లు మూసుకుని 1 జీబీ ఇవ్వమని మరొకరు చెప్పారు. అంత మెమరీ ఊరికే ఎందుకు పడేయాలని మీ పైవారి అభ్యంతరం.

తొందరలో ఉంటే ఇంతవరకు చదివి ఆపవచ్చు: 512 ఎంబీ ఇవ్వండి, సీరియల్ కన్సోల్ (కెర్నెల్ సందేశాలను బయట చూపే దారి) తగిలించండి, యంత్రాన్ని కావాలనే కూల్చండి. డంప్ పూర్తిగా వస్తే అదే మీ సంఖ్య. రాకపోతే కన్సోల్‌లో కారణం కనిపిస్తుంది. శాతాల లెక్క వదిలేయండి, అది తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకో తెలుసుకోవాలంటే మిగతాది చదవండి.

కూలిన క్షణంలో కెర్నెల్ చెప్పే ఏ మాటనూ నమ్మలేం. మెమరీ కేటాయించే కోడే పాడై ఉండవచ్చు. ఏ లాక్ ఎవరు పట్టుకుని ఆగిపోయారో తెలియదు. అసలు ప్రమాదానికి కారణం డిస్క్ డ్రైవరే కావచ్చు. అలాంటి కెర్నెల్‌తో డిస్క్ మీద రాయిస్తే డంప్ రావడం అటుంచి, ఉన్న ఫైల్ సిస్టమ్ దక్కుతుందో లేదో. అందుకే 2005లో విడుదలైన 2.6.13 నుంచి లినక్స్‌లో వేరే పద్ధతి ఉంది. ముందే మెమరీలో సిద్ధంగా కూర్చోబెట్టిన రెండో కెర్నెల్‌కు కెక్సెక్ (నేరుగా ఇంకో కెర్నెల్‌లోకి దూకే సదుపాయం) ద్వారా పగ్గాలు అప్పగిస్తారు. మధ్యలో ఫర్మ్‌వేర్ జోక్యం లేదు కనుక పాత మెమరీలోని విషయం చెరిగిపోదు. రెండో కెర్నెల్ ఆ పాత మెమరీనంతా /ప్రాక్/వీఎంకోర్ అనే ఫైలుగా చూపిస్తుంది. మేక్‌డంప్‌ఫైల్ అనే సాధనం దాన్ని వడగట్టి, కుదించి, డిస్క్‌కో మరో యంత్రానికో చేరుస్తుంది.

కూలాక ఖాళీగా ఉన్న మెమరీ ఏదో వెతుక్కుని అందులో రెండో కెర్నెల్‌ను పెట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం అన్నమాట ఒకటి ఉండనే ఉంది. అంతకంటే గట్టి కారణం డీఎంఏ, అంటే పరికరాలు ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో రాయడం. కెర్నెల్ కూలిన సంగతి నెట్‌వర్క్ కార్డుకు తెలియదు. వచ్చిన ప్యాకెట్లను పాత కెర్నెల్ ఇచ్చిన చిరునామాల్లోకి అది రాస్తూనే ఉంటుంది. రెండో కెర్నెల్ అదే చోట కూర్చుంటే దాని మీదే రాస్తుంది. బూట్ మొదట్లోనే ఒక ముక్కను వేరు చేసి, దాన్ని ఏ డ్రైవరుకూ ఎన్నడూ ఇవ్వకపోతే ఆ ముక్కలోకి డీఎంఏ రాదు. క్రాష్‌కెర్నెల్ పరామితి చేసే పని ఇదే. ఎక్స్86లో ఆ ముక్కలోకి రెండో కెర్నెల్‌ను ఎక్కించాక దాన్ని రాయడానికి వీల్లేకుండా కాపాడతారు కూడా, మొదటి కెర్నెల్ పొరపాటున తొక్కేయకుండా.

విండోస్ దారి వేరు. స్టోరేజీ డ్రైవర్ నకలు ఒకదాన్ని డంప్ కోసమే ముందుగా లోడ్ చేసి ఉంచుతుంది, కూలినప్పుడు దానితో పేజ్ ఫైల్‌లోకి రాస్తుంది, తరువాతి బూట్‌లో అక్కడి నుంచి డంప్ ఫైలు తీస్తుంది. అక్కడ డిస్క్ స్థలం పక్కన పెడతారు, ఇక్కడ మెమరీ పక్కన పెడతాం.

ఇక అసలు లెక్క. రెండో కెర్నెల్‌కు కనబడే ప్రపంచం మీరిచ్చిన ఆ 128 ఎంబీ మాత్రమే. మిగిలిన 384 జీబీ దానికి చదవాల్సిన వస్తువు, వాడుకునే మెమరీ కాదు. అందుకే యంత్రంలో ఎంత మెమరీ ఉందన్న దానికీ, రెండో కెర్నెల్‌కు ఎంత కావాలన్న దానికీ సంబంధం చాలా పలుచన. ఒకప్పుడు కొంత ఉండేది. ఏ పేజీ ఉంచాలి, ఏది వదిలేయాలి అని గుర్తుపెట్టుకోవడానికి మేక్‌డంప్‌ఫైల్ పేజీకి ఒక బిట్ చొప్పున బిట్‌మ్యాప్‌లు రెండు ఉంచుకుంటుంది. 4 కేబీ పేజీలతో 1 టీబీకి ఒక్కో బిట్‌మ్యాప్ 32 ఎంబీ అవుతుంది. మీ 384 జీబీకి 12 ఎంబీ. 1.5 వెర్షన్‌తో సైక్లిక్ పద్ధతి వచ్చాక ఉన్న మెమరీకి సరిపడా ముక్కలుగా చేసి ఆ పని నడుపుతుంది. కాబట్టి ఒక శాతం అంటే మీకు దాదాపు 4 జీబీ. దానికి ఏ ఆధారమూ లేదు. అదే సూత్రం 4 జీబీ యంత్రానికి 40 ఎంబీ చాలంటుంది, అందులో ఈనాటి కెర్నెల్ నిలబడి ఊపిరి కూడా తీసుకోలేదు.

మరి ఆ మెమరీని ఎవరు తింటారు? ముందుగా కెర్నెల్, దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్‌కు కావలసిన డ్రైవర్లు, సాధనాల మూట). ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కుదించిన రూపంలో మెమరీలో ఉండగానే దాన్ని విప్పుతారు. విప్పడం పూర్తయ్యేదాకా రెండు రూపాలూ పక్కపక్కనే ఉంటాయి. డిస్క్ మీద 40 ఎంబీ కనిపించే ఇమేజీ విప్పితే రెండు మూడు రెట్లు కావడం మామూలే. 128 ఎంబీలో కథ అక్కడే ముగిసిపోవచ్చు. మీరు సొంతంగా కెర్నెల్ కంపైల్ చేసుకునేవారైతే ఇంకా జాగ్రత్త: మాడ్యూళ్లను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డీబగ్ సమాచారం తీసేయకపోతే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ వందల ఎంబీలకు ఉబ్బుతుంది. మేక్ ఆదేశంలో ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 ఇవ్వడం మరిచిపోయిన వారే, ఎంత ఇచ్చినా చాలడం లేదని వాపోతుంటారు.

తరువాత డ్రైవర్లు. మీ విషయంలో నా అనుమానమంతా వీటి మీదే. 25 గిగాబిట్ కార్డు డ్రైవర్ లేవగానే ఒక్కో క్యూకు రింగ్ బఫర్లు కేటాయిస్తుంది. క్యూల సంఖ్య సాధారణంగా సీపీయూల సంఖ్యను బట్టి ఉంటుంది. రెండో కెర్నెల్‌కు ఎన్ఆర్_సీపీయూస్=1 అని ఇచ్చేది అందుకే. డిస్ట్రిబ్యూషన్లు దాన్ని ముందే పెడతాయి, మీరు ఆ లైను మార్చి ఉంటే అది పోలేదని చూసుకోండి. అయినా ఈ కార్డులు ఒక్క క్యూతో కూడా తక్కువ తినవు. మీ డంప్ లోకల్ డిస్క్‌కో శాన్‌కో వెళ్తుంటే నెట్‌వర్క్ డ్రైవర్లతో రెండో కెర్నెల్‌కు పనే లేదు. కెడంప్ కాన్ఫిగరేషన్‌లో డ్రాకట్ (ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను కట్టే సాధనం) ఆర్గుమెంట్ల లైనులో ఆ డ్రైవర్లను ఒమిట్ చేసి ఇమేజీ మళ్లీ కట్టండి. గ్రాఫిక్స్ డ్రైవర్లదీ ఇదే సంగతి. డంప్ తీయడానికి బొమ్మలు అక్కర్లేదు.

శాన్ వైపు ఇంకో లెక్క. హెచ్‌బీఏ (శాన్‌కు కలిపే కార్డు) డ్రైవర్ లేచాక, ఆ యంత్రానికి కనిపించే ప్రతి లన్ (శాన్ ఇచ్చే డిస్క్ భాగం), దాని ప్రతి మార్గం ఒక్కో డిస్క్‌గా నమోదవుతుంది. నాలుగు మార్గాలు, 200 లన్‌లు ఉంటే 800 డిస్కులు. డంప్‌కు కావలసింది ఒకటే. వీలుంటే డంప్‌ను లోకల్ డిస్క్‌కు మళ్లించండి, మల్టీపాత్ తలనొప్పి మొత్తం తప్పుతుంది. అది కుదరకపోతే 512 ఎంబీతో మొదలుపెట్టి పైకి వెళ్లాల్సి రావచ్చు.

ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ మీదకు డంప్ రాయించాలనుకునేవారికి ఒక హెచ్చరిక, మీకు వర్తించకపోయినా. లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయిన లక్స్2 కీ తయారీకి ఆర్గాన్2 వాడుతుంది. అది కావాలనే మెమరీ ఎక్కువ తినేలా రూపొందించిన పద్ధతి, డీఫాల్ట్‌గా 1 జీబీ వరకూ అడగగలదు. 512 ఎంబీలో ఆ తాళం తెరుచుకోకపోవచ్చు. అలాంటి చోట ఎన్‌క్రిప్ట్ కాని విభాగానికో, నెట్‌వర్క్ ద్వారా మరో యంత్రానికో డంప్ పంపడం తెలివైన పని.

డీఫాల్ట్ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెబుతాను. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో ఒకప్పుడు క్రాష్‌కెర్నెల్=ఆటో అని ఉండేది. 9వ వెర్షన్‌లో దాన్ని తీసేసి సంఖ్యలను బయటపెట్టారు: ఎక్స్86లో చిన్న యంత్రాలకు 192 ఎంబీ, 64 జీబీ వరకూ 256 ఎంబీ, ఆపైన 512 ఎంబీ. ఇవి మంచి ఆరంభ సంఖ్యలు, అంతకుమించి కాదు. మెమరీ ఎక్కువున్న యంత్రంలో కార్డులూ డిస్కులూ కూడా ఎక్కువుంటాయన్న ఊహ వీటి వెనుక ఉంది. ఊహ మీ యంత్రానికి పొసగకపోవచ్చు. మీ 128 ఎంబీ మాత్రం ఏ లెక్కన చూసినా చాలదు. అది కెర్నెల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ రెండూ ఇప్పటికంటే బాగా చిన్నగా ఉన్నప్పటి సంఖ్య.

ఇలా మెమరీ పరిధులను బట్టి వేర్వేరు సంఖ్యలు ఒకే లైన్‌లో రాయవచ్చు; అనేక రకాల యంత్రాలకు ఒకే ఇమేజీ వాడేవారికి అది సుఖం. సరిహద్దు దగ్గర మాత్రం చూసుకోండి. మొత్తం 64 జీబీ చిప్‌లు ఉన్న యంత్రంలో ఫర్మ్‌వేర్ కొంత దాచుకుంటే కెర్నెల్‌కు కనిపించేది 64 కంటే తక్కువ. కెర్నెల్ ఆ మొత్తాన్ని 128 ఎంబీ గుణిజానికి పైకి సర్దుతుంది కానీ, ఫర్మ్‌వేర్ అంతకంటే ఎక్కువ మింగితే మీ యంత్రం కింది గడిలో పడి 256 ఎంబీతోనే సరిపెట్టుకుంటుంది. ఒకే రకం సర్వర్లు రెండు, ఒకదానిలో డంప్ వస్తుంది, రెండోదానిలో రాదు అంటే ముందు ఇక్కడ చూడండి.

తరువాతిది క్రాష్‌కెర్నెల్ పరామితిలో రాసే హై, లో అనే రెండు మాటలు. పాత 32-బిట్ పరికరాలు 4 జీబీ దాటిన చిరునామాలను అందుకోలేవు. అందుకని రెండో కెర్నెల్‌కు 4 జీబీ కింద కూడా కొంత మెమరీ ఉండాలి. సంఖ్య తరువాత కామా పెట్టి హై అని రాస్తే ప్రధానమైన ముక్క పైన ఎక్కడైనా దొరుకుతుంది, 4 జీబీ కింద ఇంకో ముక్కను ఎక్స్86 కెర్నెల్ తనంతట తానే తీసుకుంటుంది. అది కనీసం 256 ఎంబీ. అంటే 512ఎం,హై అని రాస్తే పోయేది 768 ఎంబీ. మీ పైవారు మెమరీ లెక్క చూసి ఈ తేడా ఎక్కడిదని అడిగితే జవాబు ఇదే. మీకు 512 ఎంబీ చాలు, హై అవసరం లేదు. అంతవరకు 4 జీబీ కింద మామూలుగా దొరుకుతుంది. పెద్ద ముక్క కావాల్సి వచ్చి, కింద చోటు దొరకనప్పుడు అది అక్కరకొస్తుంది. కింది ముక్కను (లో) సున్నా చేసి మిగుల్చుకోమనే సలహాలు కొన్ని చోట్ల కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. డీఎంఏ బఫర్లు దొరక్క స్టోరేజీ డ్రైవరే లేవకపోవచ్చు, అప్పుడు పైన ఎన్ని జీబీలు ఉన్నా ఒకటే.

కేటాయింపు నిజంగా జరిగిందా అని చూడటం తేలిక. /ప్రాక్/ఐఓమెమ్‌లో క్రాష్ కెర్నెల్ అనే పంక్తి ఉండాలి. /సిస్/కెర్నెల్/కెక్సెక్_క్రాష్_సైజ్ ఆ ముక్క పరిమాణాన్ని బైట్లలో చెబుతుంది. పక్కనే ఉన్న కెక్సెక్_క్రాష్_లోడెడ్ ఫైలులో 1 ఉంటే రెండో కెర్నెల్ ఎక్కి ఉందన్నమాట. సర్వీసు యాక్టివ్ అని చెప్పేది ఇంతవరకే. ఎక్కిన కెర్నెల్ రేపు ఆ చోటులో బతకగలదా అన్నది దానికి తెలియదు. మీరు మోసపోయింది సరిగ్గా ఇక్కడే.

కొత్త రెడ్ హ్యాట్ కుటుంబంలో కెడంప్‌సీటీఎల్ ఎస్టిమేట్ అనే ఆదేశం కెర్నెల్, మాడ్యూళ్లు, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ పరిమాణాలు కలిపి ఒక సిఫారసు ఇస్తుంది, పెద్ద మాడ్యూళ్ల పేర్లు కూడా చెబుతుంది. డ్రైవర్లు లేచాక అడిగే బఫర్ల సంగతి దానికి పూర్తిగా తెలియదు కనుక ఆ సంఖ్యను కనీసంగా తీసుకోండి.

నమ్మదగిన కొలత ఒకటే, కూల్చి చూడటం. ఎవరూ వాడని వేళ చూసుకుని, డేటాబేసులు ఆపి, సింక్ కొట్టి, /ప్రాక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్‌లోకి సీ అనే అక్షరం పంపితే కెర్నెల్ వెంటనే కూలుతుంది. కన్సోల్ చూస్తూ ఉండండి. మెమరీ చాలకపోతే రెండో కెర్నెల్ లాగ్‌లో ఔట్ ఆఫ్ మెమరీ అనీ, చంపడానికి ప్రాసెస్ ఏదీ మిగల్లేదనీ వచ్చి అది కూడా కూలుతుంది. ఆ సందేశానికి కాస్త ముందు ఏ డ్రైవర్ లేచిందో చూస్తే తినేవాడు దొరికినట్టే. ఇంకా వివరం కావాలంటే రెండో కెర్నెల్ బూట్ లైన్‌కు ఆర్‌డీ.మెమ్‌డీబగ్=3 కలపండి; డ్రాకట్ ప్రతి దశలోనూ మెమరీ లెక్క కన్సోల్‌లో పోస్తుంది.

ఇందులో ఒక చిన్న కిటుకు. కేటాయింపును నడుస్తున్న యంత్రంలో పెంచలేం, దానికి రీబూట్ తప్పదు. తగ్గించడం మాత్రం సాధ్యమే. ఎక్కి ఉన్న రెండో కెర్నెల్‌ను ముందు దించాలి, తరువాత కెక్సెక్_క్రాష్_సైజ్‌లోకి చిన్న సంఖ్య రాయాలి, మళ్లీ ఎక్కించాలి. కాబట్టి బూట్ లైన్‌లో 1 జీబీ పెట్టి లేపండి. ఒకసారి 512 ఎంబీకి తగ్గించి కూల్చండి. యంత్రం మళ్లీ లేచినప్పుడు 1 జీబీతోనే లేస్తుంది, ఈసారి 384 ఎంబీకి తగ్గించి కూల్చండి. బూట్ లోడర్ గ్రబ్‌ను ముట్టుకోకుండానే డంప్ ఎక్కడ ఆగిపోతుందో తేలుతుంది. ఆ గీత మీద కాకుండా దానికి పైన కనీసం మూడో వంతు అదనంగా ఉంచండి. వచ్చే కెర్నెల్ అప్‌డేట్‌తో డ్రైవర్లు లావెక్కుతాయి, ఇంకో కార్డు వచ్చి చేరుతుంది. గీత మీద నిలబెట్టిన సంఖ్య ఏడాది తిరగకముందే చాలకుండా పోతుంది, ఆ సంగతి అసలైన ప్రమాదం రోజున గానీ తెలియదు.

డంప్ రానప్పుడల్లా తప్పు మెమరీదే కాదని కూడా గుర్తుంచుకోవాలి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (కొంతసేపు పలుకు లేకపోతే యంత్రాన్ని రీసెట్ చేసే టైమర్) ఉన్న సర్వర్లలో, డంప్ సగంలో ఉండగా వాచ్‌డాగ్ యంత్రాన్ని రీసెట్ చేసేస్తుంది. రెండో కెర్నెల్ ఇమేజీలో దాని డ్రైవర్ కూడా ఉండాలి. లాగ్‌లో ఏ ఫిర్యాదూ లేకుండా, కన్సోల్ మధ్యలో తెగిపోయి నేరుగా ఫర్మ్‌వేర్ తెర వస్తే ముందు దీన్నే అనుమానించండి. గమ్యం విభాగంలో చోటు లేకపోవడం ఇంకొకటి, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత మామూలు కారణం. మేక్‌డంప్‌ఫైల్‌కు ఏ పేజీలు వదిలేయాలో చెప్పే డంప్ స్థాయి 31 పెడితే సున్నా పేజీలు, రెండు రకాల క్యాష్, యూజర్ పేజీలు, ఖాళీ పేజీలు అన్నీ వదిలేస్తుంది. మిగిలేది ఎక్కువగా కెర్నెల్ సొంత డేటానే. మామూలుగా మనకు కావలసిందీ అదే. మొత్తం 384 జీబీ రాయించాలని స్థాయి తగ్గించకండి.

సిస్‌ఆర్‌క్యూతో కూల్చడం ఆరోగ్యంగా ఉన్న యంత్రాన్ని పడేయడం. అసలు జబ్బు చాలాసార్లు యంత్రం బిగుసుకుపోవడం, అప్పుడు కెర్నెల్ తనంతట తాను కూలదు, కెడంప్‌కు పిలుపే రాదు. కెర్నెల్.అన్‌నోన్_ఎన్‌ఎంఐ_ప్యానిక్ విలువ 1 చేసి, ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి నియంత్రించే దారి) ద్వారా డయాగ్నస్టిక్ ఇంటరప్ట్ పంపి ఒకసారి ఆ దారిని కూడా పరీక్షించండి. సగం మంది దీన్ని వదిలేస్తారు, తరువాత బిగుసుకుపోయిన సర్వర్ పవర్ బటన్ నొక్కి సాక్ష్యం పోగొట్టుకుంటారు.

ఇక మీ పైవారి అభ్యంతరం. 384 జీబీలో 512 ఎంబీ అంటే 0.13 శాతం. ఆ సర్వర్ కారణం తెలియకుండా రెండోసారి కూలితే పోయే పని ముందు ఇది చర్చకు తగిన మొత్తం కాదు. 1 జీబీ ఇచ్చినా నేను తప్పు పట్టను. పిసినారితనానికి అర్థం ఉండేది చిన్న వర్చువల్ యంత్రాల్లో. 2 జీబీ యంత్రంలో 192 ఎంబీ అంటే తొమ్మిది శాతం పైనే, అలాంటివి వందలుంటే నిజంగానే నొప్పి. అక్కడ హైపర్‌వైజర్ మీ చేతిలో ఉంటే దానితోనే బయటి నుంచి డంప్ తీయించండి; కేవీఎంలో విర్ష్ డంప్ ఆదేశానికి మెమరీ-ఓన్లీ ఐచ్ఛికం ఇస్తే వచ్చే ఫైలును క్రాష్ సాధనం చదువుతుంది, లోపల ఏమీ కేటాయించనక్కర్లేదు. పవర్ ప్రాసెసర్ల మీద ఫ్యాడంప్ అనే ఫర్మ్‌వేర్ సాయం ఉంది, పక్కన పెట్టిన మెమరీని మామూలు రోజుల్లో యూజర్ ప్రోగ్రాములు వాడుకోగలవు. ఇటీవలి లినక్స్ కెర్నెళ్లలో ఎక్స్86కూ ఇలాంటిదే, క్రాష్‌కెర్నెల్ సంఖ్య తరువాత సీఎంఏ అని చేర్చే పద్ధతి వచ్చింది. అందులో యూజర్ పేజీలు డంప్‌కు దక్కవు, స్థాయి 31 వాడేవారికి అవి ఎలాగూ అక్కర్లేదు. మీ డిస్ట్రిబ్యూషన్ దాన్ని అందించేవరకు మీ సర్వర్‌లో మామూలు కేటాయింపే ఉంచండి.

డంప్ వచ్చాక దాన్ని చదవడానికి సరిగ్గా అదే కెర్నెల్ వెర్షన్ డీబగ్ సమాచారం ప్యాకేజీ కావాలి, దాన్ని ఇప్పుడే దించి పెట్టుకోండి. ఆ ఫైలులో పాస్‌వర్డులూ కీలూ ఉండే అవకాశం ఉంది కనుక ఎవరికైనా పంపేముందు ఆలోచించండి. చాలా సమస్యలకు పక్కనే పడే వీఎంకోర్-డీమెసేజ్ టెక్స్ట్ ఫైలు సరిపోతుంది. ముందు అది తెరవండి.